నవ్వే పన్ను, ఊదే పన్ను

నా పన్ను నా నోట్లో ఉంది. అది ఎలా ఉండాలో మాత్రం మా బావ చెప్పాడు, గుడివాడ డాక్టరు విన్నాడు. నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. కాబట్టి నెమ్మదిగా, మర్యాదగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోకండి.

నా పేరు నాగజ్యోతి. మాది చల్లపల్లి. సన్నాయి వాయిస్తాను. ఆడది సన్నాయి వాయించడమేమిటని నోరెళ్ళబెట్టేవాళ్ళు దివిసీమలో ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకీ నేనే వాయించాను. మా నాన్న నాగభూషణరావు నాకు పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చీరాగానే సన్నాయి చేతికిచ్చాడు. ఆయన పోయాక మేళానికి పెద్ద మా అక్క మొగుడు ధనరాజు. డోలు వాయిస్తాడు. పెళ్ళివారితో మాట్లాడేదీ, బండి కుదిర్చేదీ, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేదీ ఆయనే. డోలు మీద ఆయన చేతికి తిరుగు లేదు, ఒప్పుకుంటాను. నోటికే అదుపు లేదు.

ఈ గొడవంతా మొన్న మాఘమాసంలో అవనిగడ్డ పెళ్ళిలో మొదలైంది. పొద్దుటి ముహూర్తం. పంతులుగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకేశారు. అది వినపడగానే సన్నాయి, డోలు కలిసి హోరెత్తించాలి. తాళి కట్టే ఆ కాసేపట్లో ఎవరు తుమ్మినా, ఎవరి నోటి వెంట పాడు మాట వచ్చినా పెళ్ళికూతురి చెవిన పడకూడదు. అందుకే ఆ హోరు. "మూడో ముడి పడేదాకా ఆపకూడదమ్మా. ఆగిన చోట ఏ మాట వినపడుద్దో మనకి తెలీదు" అనేవాడు నాన్న. నేను ఎప్పుడూ ఆపలేదు.

సరిగ్గా అప్పుడే వీడియో తీసే రాజబాబు అనేవాడు కెమెరా తగిలించిన పొడుగాటి కర్ర ఒకటి పట్టుకుని నా మీదికి వచ్చాడు.

"ఓ మేళం! ఇటు చూడు! కొంచెం నవ్వు!"

సన్నాయి కొసన ఉండే పీక నోట్లో పెట్టుకుని ఊదుతూ నవ్వడం ఎలాగో వాడికెవరు నేర్పారో గానీ మా నాన్న నాకు నేర్పలేదు. పైగా నాకో పేరు ఏడ్చింది, మేళం కాదు. నేను వాడి వంక చూడలేదు. వాడు ఇంకా దగ్గరికి వచ్చి కర్ర విసురుగా తిప్పాడు. అది సన్నాయి చివర ఠక్కున తగిలింది. పీక కింద ఉండే లోహపు ముక్క వచ్చి నా పై పంటికి కొట్టుకుంది. ఎడమ వైపు ముందు పన్ను సగం విరిగి నాలుక మీద పడింది.

ఆపలేదు. ఆ ముక్కని బుగ్గలోకి తోసేసి, రక్తం మింగుతూ, మూడో ముడి పడేదాకా ఊదాను. పక్కన డోలు వాయిస్తున్న బావ ఒక్కసారి నా వంక చూశాడు. ఎక్కడ ఆపేస్తానోనని కళ్ళు ఉరిమాడు. అంతే.

అంతా అయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటే పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ రక్తమేంటమ్మా, కాస్త అవతలికి వెళ్ళండి" అన్నాడు. ఆయన వెనకే రాజబాబు. "సారీ అక్కా, చూసుకోలేదు. ఏం పర్లేదు, రక్తం కనపడే బిట్టు ఎడిటింగ్‌లో తీసేస్తాలెండి" అన్నాడు. నోట్లో ఉన్న పన్ను ముక్క వాడి మొహాన ఉమ్మాలనిపించింది. పెళ్ళిపందిరి కదా అని మింగేశాను, కోపాన్నీ ముక్కనీ కూడా.

"గుడివాడలో బెన్నీ అని కొత్త డాక్టరొచ్చాడంట. విరిగిన పన్ను అతికిస్తే విరిగినట్టే తెలీదంట" అని బావే నన్ను తీసుకెళ్ళాడు. ఆయనకి నా మీద జాలి పుట్టిందని పొరబడ్డాను. పామర్రు మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ నోటికి కొంగు అడ్డమే. గాలి తగిలితే చాలు, ప్రాణం జివ్వుమనేది.

డాక్టర్ బెన్నీ మంచివాడే, నెమ్మదస్తుడు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే మొదటే పోట్లాడి ఉండేదాన్ని. పన్ను పీకక్కర్లేదన్నాడు. పంటి రంగులోనే ఉండే ముద్ద పొరలు పొరలుగా పెట్టి, నీలం లైటు వేసి గట్టిపరిచి, అచ్చం అసలు పన్నులా చెక్కుతానన్నాడు. బాండింగ్ అంటారట. సరేనన్నాను. తర్వాత నోట్లో దూది, పెదవులకి క్లిప్పు, ఉమ్ము లాగే గొట్టం. ఎడమ పన్ను అయిపోయింది. అంతలో ఆయన చెయ్యి కుడి పన్ను మీదికి వచ్చింది. దానికేమీ కాలేదు మహాప్రభో! చెయ్యెత్తాను.

"నొప్పా అమ్మా? అయిపోయింది, అయిపోయింది" అన్నాడు.

మళ్ళీ ఎత్తాను. నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుని ప్రేమగా నిమిరింది. "ఆఁ! ఆఁ!" అని అరిచాను. "వెరీ గుడ్, అలాగే తెరిచి ఉంచండి" అన్నాడు డాక్టరు. మనిషి నోరు తెరిపించి మాట రాకుండా చేయొచ్చని నాకు ఆరోజే తెలిసింది.

చివరికి అద్దం ఇచ్చాడు. రెండు ముందు పళ్ళూ స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా, తెల్లగా తళతళలాడుతున్నాయి. అద్దంలో ఉన్నావిడ ఎవరో నాకు తెలీదు.

"కుడి పన్నెందుకు ముట్టుకున్నారండీ?" అన్నాను.

"అది అరిగిపోయి ఏటవాలుగా ఉందమ్మా. పనిలో పనిగా రెండూ సమానం చేసేశాను. మీ బావగారు మీ పాత ఫొటో ఒకటి చూపించి, నవ్వితే ఫొటోలో బాగా కనపడాలని మరీ మరీ చెప్పారు కదా."

బావ గుమ్మంలో నిలబడి ఇకిలిస్తున్నాడు. "అబ్బ, హీరోయిన్‌లా ఉన్నావే జ్యోతీ! ఇక మన మేళానికి తిరుగు లేదు."

ఆ ఏటవాలు ఊరికే వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచి పీక మీద పెదవి మడిచి బిగించీ బిగించీ, ఆ ఒత్తిడికి నా ముందు పళ్ళు రెండూ ఒక పక్కకి వాలుగా అరిగాయి. పై పెదవి వెళ్ళి ఆ వాలులో కూర్చుంటుంది. నా శ్రుతి అక్కడే నిలబడుతుంది. ఆ సంగతి నాకూ అప్పటిదాకా సరిగ్గా తెలీదు. ఇంటికొచ్చి సన్నాయి తీసి షడ్జమం పట్టబోతే గాలి పక్కనుంచి బుస్సుమంది. పైకి వెళ్ళబోతే కీచుమంది. రోజూ పెదవి పచ్చిపుండు అయ్యేదాకా ఊదాను. స్వరం ఒక్క చోట నిలబడితే ఒట్టు. నాన్న ఇచ్చిన సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది, అది మళ్ళీ పోలేదు.

బావతో చెప్పాను. ఆయన ఏమన్నాడో వినండి.

"దానికెందుకే అంత రాద్ధాంతం? వచ్చే బందరు పెళ్ళికి పాటలు మోగే పెట్టె పెట్టిస్తున్నాగా. అవనిగడ్డలో రాజబాబు తీసిన వీడియోలోంచి నీ గట్టిమేళం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నాను. నీదే, పరాయివాళ్ళది కాదు. నువ్వు పీక ఊరికే నోట్లో పెట్టుకుని, మధ్యమధ్యలో తీసి నవ్వుతూ కూర్చో. నేను డోలు కలిపేస్తా. ఎవడికి తెలుసుద్ది?"

"నాకు తెలుసుద్ది" అన్నాను.

"నీకు తెలిస్తే ఎవడికి నష్టం?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. నేను పట్టుచీర కట్టిన బొమ్మనా? ఒకసారి అలా కూర్చున్నానంటే ఇక జన్మంతా అంతే. పెట్టె పాడుతుంది, నేను పళ్ళు చూపిస్తాను. పోనీ వెళ్ళడం మానేస్తే, ఇంకెవరినో పట్టుచీర కట్టించి అక్కడ కూర్చోబెడతాడు. నా చోటు నా చేతులతో నేనే ఖాళీ చేసినట్టవుతుంది.

మర్నాడు పొద్దున్నే సన్నాయి సంచీ భుజాన వేసుకుని ఒక్కదాన్నే గుడివాడ బస్సెక్కాను. క్లినిక్ నిండా జనం. కౌంటరు దగ్గర ప్రసన్న అనే అమ్మాయి, "అపాయింట్‌మెంట్ ఉందాండీ?" అంది.

"లేదమ్మా. సన్నాయి ఉంది" అన్నాను.

అక్కడే కుర్చీలో కూర్చుని గట్టిమేళం అందుకున్నాను. అది గట్టిమేళమా! కీచులు, బుస్సులు, అపశ్రుతులు. గది దద్దరిల్లింది. బుగ్గ వాచిపోయిన ఒక ముసలమ్మ చెవులు మూసుకుంది. డాక్టర్ బెన్నీ చేతి తొడుగులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! ఇది హాస్పిటల్!"

"వినపడిందాండీ? ఇదీ మీరు చెక్కిన పళ్ళ కూత. పాతిక ఊళ్ళ పెళ్ళిళ్ళలో వాయించిన నోరండీ ఇది. నోరు విప్పనీయకుండా నా నోరు కొట్టేశారు!"

లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అంతా విన్నాడు. విని, "మీరు సన్నాయి వాయిస్తారని మీ బావగారు చెప్పలేదమ్మా. పెళ్ళిళ్ళలో జనానికి కనపడే మనిషి అన్నారంతే" అన్నాడు. ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుని డోలు వాయిస్తున్న మనిషి, నేనేం చేస్తానో చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాడు!

"అయితే మళ్ళీ అరగదీయండి" అన్నాను.

"వంకరగా కనపడుద్దమ్మా. బాగున్నదాన్ని చేతులారా పాడుచేయమంటే ఎలా? పోనీ, మీ బావగారిని ఒక్క మాట అడుగుదాం" అని, నేను వద్దనేలోపే ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు.

"దాని మాట పట్టించుకోకండి సార్" అంది బావ గొంతు. "దానికి కాస్త తిక్క. అలాగే ఉంచండి. బందరు పెళ్ళికి ఆ నవ్వు కావాలి."

నేను ఫోను దగ్గరికి వంగాను. "బావా, ముందు నీ నోరు మూసుకో. నా నోటి సంగతి నేను చూసుకుంటా" అని కట్ చేశాను. సంచీలోంచి పీక అంచులు గీకే చిన్న చాకు తీసి బల్ల మీద పెట్టాను.

"డాక్టరుగారూ, మీరు గీకుతారా, నన్నే గీక్కోమంటారా?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యయ్యో, అది లోపల పెట్టండమ్మా! కూర్చోండి, కూర్చోండి."

"నోట్లో ఏవీ కుక్కొద్దు. నేను చెయ్యెత్తితే ఆగాలి. చెయ్యి నిమరక్కర్లేదు."

ఎక్కడ ఎంత తియ్యాలో నిజానికి నాకూ తెలీదు. ఆయనకీ తెలీదు. నా పెదవికి తెలిసుండాలి. ఆయన కాస్త అరగదీయడం, నేను నోరు పుక్కిలించి ఊదడం. బుస్సు. మళ్ళీ కాస్త. కీచు. ఒకసారి ఎక్కువ పోయింది, మళ్ళీ ఇంత ముద్ద పెట్టి లైటు వేశాడు. బయట కూర్చున్నవాళ్ళంతా తలుపు దగ్గరికి చేరారు. "ఆఁ, ఇప్పుడు కాస్త నయం" అంది బుగ్గ వాచిన ముసలమ్మ. డాక్టరుకి విసుగొచ్చింది, నాకూ వచ్చింది. ఇద్దరం ఒకరి మీద ఒకరం కసురుకుంటూనే పని కానిచ్చాం.

ఉన్నట్టుండి పెదవి వెళ్ళి దాని చోట అది కూర్చుంది. షడ్జమం నిలబడింది. ఊపిరి ఉన్నంతసేపూ కదలకుండా నిలబడింది. నాకు కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు, ఊదుతూనే ఉన్నాను.

డాక్టరు అద్దం ఇవ్వబోయి మానేశాడు. "ఊదడానికి ఎలా ఉందో నాకు తెలీదు గానీ, చూడ్డానికి మాత్రం బాగాలేదమ్మా. ఇది నా పని అని దయచేసి ఎవరికీ చెప్పకండి" అన్నాడు.

"చెప్పను లెండి" అని నవ్వాను. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బందరు పెళ్ళికి బండి ఎక్కేటప్పుడు బావ నా నోరు చూశాడు. తల కొట్టుకున్నాడు.

"చేతులారా మొహం పాడుచేసుకున్నావు కదే! ఆ వంకర పళ్ళేంటి?"

"ఊదుతాను బావా. ఒక్కసారి విను."

"వినేదేం లేదు. పెట్టెకి రాజబాబుకి డబ్బు కూడా ఇచ్చేశాను. నువ్వు పీక నోట్లో పెట్టుకుని గమ్మున కూర్చో. నవ్వకు కూడా. ఆ పళ్ళు బయట పెట్టావంటే ఊరుకోను."

నిన్నటిదాకా ఊదొద్దు, నవ్వమన్నాడు. ఇప్పుడు నవ్వనూ కూడదట! పళ్ళు పటపటా కొరకబోయి, పాడైపోతాయని మానుకున్నాను.

పందిట్లో రాజబాబే ఉన్నాడు. కెమెరా వాడిదే, పెట్టె వాడిదే. ముహూర్తం దగ్గరపడింది. నేను పీక నానబెట్టి నోట్లో పెట్టుకున్నాను. "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు పంతులుగారు. రాజబాబు మీట నొక్కాడు. పెట్టెలోంచి నా సన్నాయి వచ్చింది. విరగని పన్నుతో ఊదిన నా సన్నాయి. బావ డోలు కలిపాడు. జనం అక్షింతలు అందుకున్నారు. అబ్బ, ఎంత బాగా ఊదాను ఆరోజు! నాకే అసూయ పుట్టింది.

పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు. పెళ్ళికూతురి జడా పూలదండా అడ్డం పడి మొదటి ముడే ఆలస్యమైంది. రెండో ముడి వేస్తున్నాడు. పెట్టెలో నా వేళ్ళు పైస్థాయికి ఎక్కుతున్నాయి. ఆ ఎక్కడం వినగానే పీక మీద పెదవి బిగించాను. నాకు తెలుసు అది. అవనిగడ్డలో సరిగ్గా ఆ ఎక్కడం అయ్యాకే కర్ర తగిలింది, పన్ను విరిగింది. అక్కడి నుంచి రక్తం. రక్తం ఉన్న బిట్టు వీడు తీసేశాడు కదా!

గుండె నిండా గాలి పీల్చుకున్నాను. ఠక్కుమని చప్పుడై పెట్టె ఆగిపోయింది.

పందిరంతా నిశ్శబ్దం. రాజబాబు పిచ్చిగా మీటలు నొక్కుతున్నాడు. బావ నిర్ఘాంతపోయాడు. డోలు మీద చేతులు ఆగిపోయాయి. మూడో ముడి ఇంకా పడలేదు. పెళ్ళికూతురు ఉలిక్కిపడి తలెత్తింది.

"ఊదవే, మొద్దు మొహమా! ఊదు!"

అరిచింది బావే. ఆయన డోలు ముందు మైకు ఉంది. ఆ మాట పందిరి ఈ చివర నుంచి ఆ చివరికి మోగింది. వీధిలో కూడా వినపడి ఉంటుంది. ఆగిన చోట ఏ మాట వినపడుద్దో తెలీదన్నాడు నాన్న. ఇదిగో, వినపడింది. పెళ్ళికూతురి తండ్రి బావ వంక చూసిన చూపు నేను బతికుండగా మరిచిపోను.

అప్పుడు నేను పీక పెదవి నుంచి ఒక్క క్షణం తీసి, బావ వంక తిరిగి, నా వంకర పళ్ళు రెండూ కనపడేలా నవ్వాను. నవ్వి, సన్నాయి ఎత్తాను.

ఆ పిల్ల మెడ మళ్ళీ వంగింది. పెళ్ళికొడుకు మూడో ముడి వెతుక్కుంటున్నాడు. వెతుక్కోనీ, నాకేం తొందర లేదు. నేను ఊదుతూనే ఉన్నాను. పెట్టెలో ఉన్నది నిన్నటి శ్రుతి. ఇది అది కాదు, కాస్త బొంగురు, కాస్త కారం. కానీ ఇది నాది, ఇప్పటిది. బావ తేరుకుని డోలు అందుకున్నాడు. ఎప్పుడూ ఆయన నడిపిస్తే నేను నడిచేదాన్ని. ఆరోజు నా వెనక ఆయన పరిగెత్తాడు. మూడో ముడి పడింది, అక్షింతలు పడ్డాయి. పంతులుగారు ఇక చాలమ్మా అని చెయ్యి ఎత్తేదాకా నేను ఆపలేదు.

భోజనాల దగ్గర రాజబాబు కెమెరా పట్టుకుని బతిమాలుతున్న మొహంతో వచ్చాడు.

"అక్కా, మీరు నవ్వింది బ్రహ్మాండంగా పడింది. పళ్ళే కొంచెం వంకరగా కనపడుతున్నాయి. ఏం పర్లేదు, ఎడిటింగ్‌లో సమానం చేసేస్తాలెండి."

చేతిలో విస్తరి కింద పెట్టాను.

"ఒరే రాజబాబూ! వాటిని ముట్టుకున్నావంటే నీ పళ్ళు రాలగొడతాను. అతికించే డాక్టరు గుడివాడలో ఉన్నాడు, నేనే తీసుకెళ్తా. ఎలా అతికించాలో ఆయనకి నేను చెప్తా. నువ్వు నోరు తెరుచుకుని కూర్చో."